గెడ్డ అవతలి వార్త

కబడ్డీ కెప్టెన్ శైలజ పొద్దున్నే ఏ టిఫిన్ తిన్నదో కనుక్కుని రాయమని విజయనగరం డెస్క్ నుంచి ఫోనొచ్చింది.

ఫిన్నీకి ఒళ్ళు మండిపోయింది.

అతను శృంగవరపుకోటలో పేపరు విలేకరి. కోట అమ్మాయిల కబడ్డీ జట్టు రాష్ట్ర పోటీలకని కర్నూలు వెళ్ళిన దగ్గర్నుంచి జిల్లా ఎడిషన్‌లో మరో వార్తకు చోటే లేకుండా పోయింది.

వాళ్ళ బూట్లు, వాళ్ళ జడలు, చివరికి హాస్టల్లో కెప్టెన్ పడుకునే మంచం కూడా ఫొటోతో అచ్చయిపోయాయి.

ఆసుపత్రికి డాక్టరు రావడం లేదని రాస్తే వెయ్యలేదు. వరినారు కుళ్ళిపోతోందని రాస్తే తర్వాత చూద్దామన్నారు.

ఆ చిరాకులో ఉండగానే ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద.

పేరు గంగులన్నాడు. కొండ కింద ఊరట. వానలకు గెడ్డ, అదే ఊరి పక్క వాగు, పొంగితే బడి పిల్లలకు దారి ఉండదట. చిన్న వంతెన ఒకటి వెయ్యమని పేపర్లో రాస్తే ఆఫీసర్లు కదులుతారని ఎవరో చెప్పారట.

ఫిన్నీ ఆ రోజే రాసి పంపాడు. రాలేదు.

మళ్ళీ పంపాడు. ఆ చోటులో జట్టు మేనేజరు ఇష్టపడే కూర గురించి వచ్చింది.

ముసలాయన మళ్ళీ వచ్చాడు. సరిగ్గా అప్పుడే డెస్క్ వాళ్ళు ఫోన్ చేసి, జట్టు గెలవాలని కోటలో ఎవరైనా గుండు చేయించుకున్నారేమో చూడమన్నారు.

ఫిన్నీ ఫోను బల్లమీద పడేశాడు.

"మా పేపర్లో కబడ్డీ పిల్లలకి తప్ప ఇంకెవరికీ జాగా లేదు తాతా. నా ప్రాణం తియ్యకు."

ముసలాయన నొచ్చుకుంటాడనుకున్నాడు. కానీ ఆ మొహం విప్పారింది.

"బాగా ఆడతన్నారంట కదా బాబూ. అయితే ఆలకే ఉంచండి ఆ జాగా. గెడ్డకేటి, అదెక్కడికీ పోదు."

కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

సెమీఫైనల్ నాడు తెల్లారినప్పట్నుంచీ జడివాన. కొండ కింద గెడ్డలో ఎవరో కొట్టుకుపోయారని మధ్యాహ్నం కబురొచ్చింది. ఫిన్నీ బండి మీద పడుతూ లేస్తూ వెళ్ళాడు.

ఒడ్డున టార్పాలిన్ కింద ఉన్నది గంగులు.

ఈ వయసులో నీళ్ళలో దిగొద్దంటే వినలేదని ఊరివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకు దిగాడని ఫిన్నీ అడగలేదు. ఆ వంతెన కోసం ముసలాయన తన చుట్టూ తిరగడమే అతని కళ్ళలో మెదులుతోంది.

ఆ వానలోనే కూర్చుని, వంతెన సంగతీ మనిషి సంగతీ వివరంగా రాసి పంపాడు.

మర్నాడు పేజీ నిండా సెమీఫైనల్. అడుగున మూడు లైన్లు: గెడ్డలో పడి వృద్ధుడి మృతి. పేరు కూడా లేదు.

డెస్క్‌కి ఫోన్ చేసి గొంతు పోయేలా పోట్లాడాడు. అవతలివాళ్ళు అంతా ఓపిగ్గా విని, రేపు ఫైనల్ కదా, జెర్సీ రంగు మీద ఒక చిన్న బాక్స్ వార్త పంపమన్నారు.

జట్టు ఫైనల్ గెలిచింది.

కోట బస్టాండులో డప్పులు, దండలు, జీపు మీద ఊరేగింపు. ఫొటో తియ్యక తప్పదు కాబట్టి ఫిన్నీ ఒక పక్కగా నిలబడ్డాడు.

శైలజ జీపు దిగి, జనాన్ని తోసుకుంటూ అతని దగ్గరికే వచ్చింది.

"పేపరు సారూ, మీకన్నీ తెలుస్తాయి కదా. మా ఊరోలందరూ వొచ్చినారు. గంగులు తాత రానేదేటండి?"

ఆ పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదని ఫిన్నీకి అర్థమైంది.

"ఆయన నీకేటవుతాడమ్మా?"

"ఏటీ అవడండి," అంది శైలజ, జనంలో వెతుక్కుంటూనే. "వానల్లో గెడ్డ పొంగితే, మా టీములో సగం మందిమి ఆ తాత బుజాలెక్కే బడికెల్లినాం."