దూడ గొంతులో టెంక

"రిపోర్టు బాగానే వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి?" జనార్ధనరావు కాగితాన్ని టేబుల్ మీద పడేశాడు.

"అది కిడ్నీ కణాల్లో చేసిన టెస్టు సార్. నరాల కణాల్లో ఇంకోసారి చేస్తాను."

"రూలు ప్రకారం ఒక్క టెస్టు చాలు. మీ నాయన రక్తం కాబట్టి మళ్ళీ అంటున్నావు."

"అవును సార్. మా నాయన కాబట్టే."

జనార్ధనరావు ఆ హోసూరు ల్యాబుకు పెద్ద. సుమ అక్కడ టెక్నీషియన్. ఆయన విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.

నెలన్నర కిందట బాగలూరు పక్కన సుమ వాళ్ళ ఊళ్ళో, వాళ్ళింటి దూడ మేత మానేసి చొంగ కార్చింది. మామిడికాయల కాలం. గొంతులో టెంక ఇరుక్కుందని చెయ్యి పెట్టి వెతికారు. ఆ చుట్టుపక్కల ఎవరైనా చేసే పనే అది. టెంక దొరకలేదు, దూడ చచ్చింది. దానికి పిచ్చికుక్క రోగమని పశువుల డాక్టరు చెప్పాక సుమ తండ్రి ముత్తప్పను ఆస్పత్రికి తీసుకుపోయి సూదులన్నీ వేయించారు. ఆ రోగం పైకి తేలితే ఇక మనిషి దక్కడు. సుమకు నెలన్నరగా కంటి మీద కునుకు లేదు పాపం.

మూడోరోజు ముత్తప్ప, సుమ తల్లి సుబ్బక్క బస్సులో వచ్చి ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్నారు.

"ఒకసారి చూసినారు కదా పాపా, మళ్ళీ ఏంటికి?" అంది సుబ్బక్క, మణికట్టు గోక్కుంటూ.

"సూదులతో నాయన రక్తంలోకి కావలివాళ్ళు వచ్చినారమ్మా. కిడ్నీ కణం వాకిట్లో వైరస్‌ను బాగానే ఆపినారు. కానీ ఒక్కో రకం కణానికి ఒక్కో వాకిలి. ఆ వైరస్ పోయేది నరాల దోవన. ఆడ కూడా ఆపుతారో లేదో చూడాల."

ముత్తప్ప నవ్వాడు. "మన కుక్క మన దొడ్డి బాగా కాస్తుంది, పక్కోళ్ళ దొడ్డికి తీసుకుపోతే పండుకుంటుంది. అంతే కదా?"

"అంతే నాయనా." సుమకు నవ్వు రాలేదు. "చేతికేమైందమ్మా?"

"గాజు పగిలి గీసుకుందిలే. ఎప్పుడో మానిపోయింది. రెండు దినాలుగా ఊరికే జివ్వుమంటా ఉంది."

సుమ లోపలికి పోయి మైక్రోస్కోపులో చూసింది. వైరస్ బతికుంటే పచ్చ చుక్కలు మెరవాలి. ప్లేటులో మొదటి గుంటలో లేవు. రెండోదాంట్లో లేవు. చివరిదాకా చూసింది, అంతా చీకటే. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆ చీకటిని చూసి కరువుతీరా ఏడ్చింది.

"నరాల కణాల్లో కూడా నీ రక్తం వైరస్‌ను ఆపింది నాయనా, నీకేం కాదు" అంటూ బయటికి పరిగెత్తింది. ముత్తప్ప దండం పెట్టుకున్నాడు. సుమ ఎదురు అంగడికి పోయి మూడు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ముత్తప్ప ఒక్క గుక్కలో తాగేశాడు.

"నాకొద్దు పాపా" అంది సుబ్బక్క. "ఈ పొద్దు ఒక్కపొద్దు."

"నిన్న కూడా ఒక్కపొద్దే అన్నావే" అన్నాడు ముత్తప్ప.

"మజ్జిగకేం దోషంలేదు, తాగమ్మా" అని సుమ గ్లాసు నోటి దగ్గర పెట్టింది. సుబ్బక్క గొంతు బిగుసుకుపోయింది. గ్లాసు తోసేసి మొహం తిప్పుకుంది, ఒళ్ళంతా వణికింది.

సుమ గ్లాసు కింద పెట్టింది. అమ్మ మణికట్టు పట్టుకుని చూసింది. సన్నటి చెయ్యి, దానిమీద మానిన గీత.

"అమ్మా, ఈ గాజు ఎప్పుడు పగిలింది?"

"ఇంకెప్పుడు, ఆ పొద్దే. మీ నాయన దూడ నోరు తెరిచి పట్టుకున్నాడు. ఆయన లావు చెయ్యి ఆడికి యాడ పడుతుంది పాపా, టెంక కోసం చెయ్యి పెట్టింది నేను కదా."