మచ్చ లేని ప్రింటు

అమ్మ బుగ్గ మీద నీలం చుక్క పడింది.

"ఛీ!" అన్నాడు ఫొటోలు గుడ్డ మీద అచ్చువేసే షాపతను, వేడి ప్రెస్ కిందనుంచి గుడ్డ లాగి వెలుతురుకు ఎత్తిపట్టి.

ఎక్కడిదో ఒక నూగు. కంటికి ఆనని పోగు. కాగితానికీ గుడ్డకూ మధ్య ఇరుక్కుని, అమ్మ ముఖాన చుక్కై కూర్చుంది.

అంతకుముందు వేసినదాంట్లో కాగితం జరిగి అమ్మకు రెండు ముక్కులొచ్చాయి. రెండు గుడ్డలూ చెత్తబుట్టలోకి పోయాయి.

అతనికి మురికంటే రోత. ఎవరైనా ఎంగిలి చేత్తో తలుపు పట్టుకుంటే ఆ పూట అన్నం సయించదు. పెళ్లాం తుమ్మినా పక్కగదిలోకి వెళ్లిపోయే మనిషి.

ఆ రోతే అతనికి పేరు తెచ్చింది. సబ్లిమేషన్ ప్రింటంటే మాటలు కాదు. కాగితం మీది రంగు వేడికి ఆవిరై గుడ్డలోకి ఇంకిపోతుంది. ఇంకిందంటే ఇక ఏ సబ్బుకూ పోదు. బొమ్మయినా అంతే, మచ్చయినా అంతే.

అమ్మ పోయి ఏడాది. మర్నాడు చుట్టాలంతా అక్క ఇంట్లో కలుస్తున్నారు. గోడకు పెట్టడానికి అమ్మ బొమ్మ పెద్దది కావాలంది అక్క.

మూడోసారి మొదలుపెట్టాడు. ఉత్త గుడ్డను ముందు ప్రెస్ కింద పెట్టి చెమ్మంతా లాగేశాడు. జిగురు రోలరుతో నూగు తీశాడు. కాగితం బోర్లించి, కదలకుండా అంచులకు టేపు అంటించాడు.

ఫోను మోగింది. అక్క. పనిలో ఉంటే అతను ఎవరి ఫోనూ ఎత్తడు. ఫోను నోరు నొక్కేసి ప్రెస్ మూశాడు.

అప్పుడు తలుపు తోసుకుని ఒకామె వచ్చింది.

ముందు వాసన వచ్చింది. ఫినాయిలు, చెమట, ఇంకేదో మందు కలగలిసిన వాసన. అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏం కావాలి?"

ఆమె చెత్తబుట్ట అంచున వేలాడుతున్న అమ్మ ముఖాన్నే చూస్తోంది.

"నిన్నేనమ్మా!"

"ఈ ఫొటో నాకూ ఒకటి ఇస్తారా బాబూ? మీ దగ్గర తీసుకోమని చెప్పి పంపారు."

"ఎవరో పంపారనే చెప్తారు అందరూ. ఆ ముఖం నీకెందుకు?"

"ఉంచుకుంటాను."

ఉంచుకుంటుందట! అతను ఆమె చేతుల వంక చూశాడు. వేళ్ల సందుల్లో తోలు ఊడుతోంది. గోళ్లు నాని తెల్లబడ్డాయి.

"ఇది అమ్మకానికి కాదు. వెళ్లు."

"పోనీ, ఆ పారేసిందైనా ఇవ్వండి. చిన్న మచ్చేగా, నాకు ఫరవాలేదు."

ఆమె వంగి గుడ్డ అందుకుంది. వేలితో అమ్మ బుగ్గ మీది చుక్కను తడిమింది.

అతనికి ఆ వేలు తన ముఖానికే తగిలినట్టయింది.

"ముట్టుకోకు!"

గుడ్డ విసురుగా లాక్కున్నాడు. కత్తెర తీసుకుని అడ్డంగా, నిలువుగా కోసి ముక్కలు బుట్టలో పడేశాడు.

"మా అమ్మ బొమ్మతో గిన్నెలు తుడుచుకుంటావా? మసిగుడ్డ కావాలంటే వేరే షాపు చూసుకో!"

ఆమె నోరు తెరిచింది. ఏదో చెప్పబోయి, బుట్టలోని ముక్కల్ని చూసి మానుకుంది.

"తప్పయిపోయింది బాబూ," అని వెళ్లిపోయింది.

అతను తలుపు పిడిని స్పిరిట్టుతో తుడిచాడు. ఆమె నిలబడిన చోట నేల కడిగాడు. తన చేతులు సబ్బుతో తోమి తోమి కడుక్కున్నాడు. అప్పటికీ ముక్కులోంచి ఆ వాసన పోలేదు.

ఈలోపు ప్రెస్ కూసింది. పైపలక ఎత్తి, వేడి మీదే కాగితాన్ని ఒక్క లాగుతో వొలిచాడు.

కాగితం మీద వెలిసిపోయినట్టున్న రంగులు గుడ్డ మీద విచ్చుకున్నాయి. అమ్మ నవ్వుతోంది. ఒక్క మచ్చ లేదు, ఒక్క నీడ లేదు.

సాయంత్రం ఫోను చూసుకునేసరికి అక్క మళ్లీ చేస్తోంది.

"అబ్బ, ఇప్పటికెత్తావు! పోన్లే, నేను చెప్పలేకపోయినా మంచి పని చేశావురా."

"ఏం చేశాను?"

"ఆమెకి ఫొటో ఇచ్చావుగా. బస్సెక్కాక ఫోన్ చేసింది. బొమ్మ ఎంత బాగా వచ్చిందో, మీ తమ్ముడు ఎంత పనిమంతుడో అని ఒకటే పొగడ్త."



"ఎవరు? చేతులకి తోలు ఊడిపోయి..."

"ఆమే. పాపం, చేసే పని అలాంటిది. ఇక ఒంట్లో ఓపిక లేదని మానేసి, ఎక్కడో కొండల్లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. అక్కడికి ఫోన్లు కూడా కలవవట. నేనేదో ఇవ్వబోతే ఒక్క రూపాయి ముట్టుకోలేదురా. అమ్మగారి ఫొటో ఒకటి చాలంటే, నీ దగ్గరికి పంపాను."

అతను చెత్తబుట్ట వైపు చూడలేకపోయాడు.

"నేను ఇవ్వలేదక్కా."

"ఏంటీ?"

"తరిమేశాను. ఎవరక్కా ఆమె?"



అక్క గొంతు మెల్లగా వినిపించింది: "అమ్మకు వీపంతా పుళ్లు పడితే నువ్వు ముక్కు మూసుకుని గుమ్మంలోంచే వెళ్లిపోయి మళ్లీ రాలేదు చూడు, ఆ రోజు నుంచి అమ్మ కన్నుమూసేదాకా ఆమే రా, ఒక్కనాడూ మొహం చిట్లించకుండా అమ్మను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కడిగింది."