చెవి తమ్మె లేని సిపాయి

"పతకమూ కాదు, గితకమూ కాదప్పా ఇది," అంటూ వెండిపని చేసే పీరా సాబ్ సిపాయి బొమ్మ ఉన్న ఆ వెండి బిళ్లను చాప మీద పెట్టేశాడు.

దేవదాసుకు ఒళ్లు మండింది. ఎమ్మిగనూరు నుంచి బస్సులో నిలబడి ఆదోనికి వచ్చింది ఈ మాట వినడానికా? రేపు కర్నూలు ఎగ్జిబిషన్‌లో అతను పోగుచేసిన యుద్ధ పతకాలన్నీ అద్దాల పెట్టెకెక్కుతున్నాయి. ఒక్కొక్క దాని కింద చెక్కిన కళాకారుడి పేరు రాసి పెట్టాడు. దీనికే పేరు లేదు; పనితనం చూస్తే పీరా సాబ్‌దే అని ఎవరో చెబితే వచ్చాడు. ఎందుకో ఇదంటేనే అతనికి ప్రాణం.

"టోపీ ఉండాది, తుపాకి ఉండాది, తగిలించుకోను కన్నం ఉండాది. బర్మాలో కొట్లాడి వచ్చినోన్ని, నాకు తెలీదా?" తలకు చుట్టిన రుమాలు సర్దుకున్నాడు దేవదాసు. "సిపాయి ఎడమ చెవికి తమ్మె మర్సిపోయినావు. పోనీలే, తప్పున్న పతకం యాడా దొరకదు. నీ పేరు రాసుకుంటా, ఒప్పుకో తాతా. నేను దండుకు పోయేనాడు మాయమ్మ టేషనుకు గూడా రాలే. నాకుండేది ఈ బిళ్లలే."

పదమూడేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

"కొట్టింది నేనే. మర్సిపోలేదు," అన్నాడు పీరా సాబ్. "ఇది ఉరుకుంద ఈరన్న సామి గుడికి ఇచ్చిన మొక్కుబిళ్ల. కాలు నొప్పికి కాలు, కన్ను నొప్పికి కన్ను కొట్టిస్తారు గదా. కొడుకు దండుకు పోతాంటే ఒక తల్లి సిపాయిని కొట్టించింది. పాత మొక్కులు వేలమేస్తే నీ దాకా వచ్చినట్టుంది."

దేవదాసు ముఖం వాడిపోయింది. అద్దాల పెట్టెలో ఒక గడి ఖాళీ.

"ఎవరామె?"

"పేరు సెప్పలే. మీ ఊరామే, సర్చికి పోయే మనిషి. పాదిరికి తెలిస్తే ఊరుకోడని నాతో ఒట్టేయించుకునింది. కాళ్ల కడియాలు తీసి ఈటినే కరిగించమనింది. కొడుకు రైలెక్కే పొద్దు అది. పోయి సాగనంపమ్మా అంటే, బిళ్ల అయ్యేదాకా లేయనని ఈడనే కూసునింది. రైలు కూత ఇనబడినా లేయలే."

దేవదాసు చాప మీది బిళ్లను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మరి... చెవి?"

"అంతమంది సిపాయిల్లో నా కొడుకును సామి గుర్తు పట్టొద్దా, అనింది. సిన్నప్పుడు ఆ తమ్మెను కుక్క పీకిందంట."

దేవదాసు చేయి దానంతటదే రుమాలు మీదికి, ఎడమ చెవి దగ్గరికి పోయింది. పీరా సాబ్ ఆ చేతినే చూశాడు. మెల్లగా కళ్లద్దాలు అందుకుని కళ్లకు పెట్టుకున్నాడు.

"ఆ రుమాలు రవ్వంత పైకి జరుపప్పా. సరిగ్గా కొట్టినానో లేదో సూస్తా."