ముందు బ్రేకు

“నమస్కారం హెడ్డుగారూ!” అంటూ మాస్టారు గోడ మేకుకు వేలాడుతున్న టోపీకి దండం పెట్టారు.

“నేనిక్కడున్నాను మాస్టారూ,” అన్నాడు హెడ్ కానిస్టేబులు బల్ల వెనక నుంచి.

“తెలుసులేవయ్యా. ముందు హోదాకి పెట్టాకే కదా మనిషికి పెట్టేది!”

కూతురు నిట్టూర్చి తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టింది. నలభై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి ఆయన. హెడ్డుతో సహా సగం ఊరు ఆయన శిష్యులే. “ముందు బ్రేకు నేర్చుకో, పరుగు దానంతటదే వస్తుంది” అనేది మొదటి పాఠం. రెండేళ్ళ కిందట చూపు పరీక్షలో తప్పారు, లైసెన్సు పోయింది. స్కూటరు మాత్రం దిగలేదు. కూతురు బతిమాలింది, అరిచింది, తాళంచెవి దాచింది.

“నేను దిగను. దించితే ప్రభుత్వమే దించాలి!” అని వీధి వీధంతా వినేలా శపథం చేశారు.

మొన్నటి మంగళవారం కాక అంతకుముందు మంగళవారం ప్రభుత్వం దించింది. లైసెన్సూ లేదు, బీమా కూడా లేదు. బండి స్టేషను పెరట్లోకి చేరింది. పద్నాలుగు రోజుల్లో కొత్త బీమా, బండి ఎవరిదో చెప్పే సీ బుక్కు, నడిపి తీసుకెళ్ళడానికి లైసెన్సున్న మనిషీ వస్తే సరి. లేదంటే తుక్కుకి.

పీడ వదిలిందనుకుంది కూతురు. మర్నాడు పొద్దున, బండి లేని వరండాలో బండి తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడ్డ తండ్రిని చూశాక మనసాగలేదు. బండి విడిపించి తను నడుపుతుంది, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుంటుంది. అది కూడా లేకపోతే ఈ మనిషి మంచం పట్టేస్తాడని ఆమె భయం.

“బీమా ఇదిగోండి. ఇది నా లైసెన్సు,” అంది.

“మరి సీ బుక్కు?”

ఆమె తండ్రి వైపు చూసింది.

“బీరువాలో నీలం ఫైలు అన్నాగా!”

“చూశాను నాన్నా.”

“అయితే అటక మీది రేకు పెట్టె.”

“అదీ చూశాను. నిన్ననే కదా బియ్యం డబ్బాలో కూడా వెతికించావు!”

“చూశావుటయ్యా హెడ్డూ! ధీమా ఉన్నవాడికి బీమా ఎందుకన్నాను. ఇప్పుడు బీమా వచ్చింది, బుక్కు పోయింది. బుక్కయిపోయాం!”

హెడ్డు నవ్వలేదు. “నకలు కావాలంటే నెల పడుతుంది మాస్టారూ. ఇవాళ పన్నెండో రోజు. నా చేతిలో ఏం లేదు.”

“ఇంకా రెండు రోజులేనా?” అన్నారు మాస్టారు, చేత్తో ఎడమ రొమ్ము అదుముకుంటూ.

హెడ్డు కుర్చీని కొంచెం వెనక్కి జరిపాడు. మాస్టారి ఖాకీ చొక్కా కంపు బల్ల దాటి వస్తోంది.

“ఉతుకుతానంటే ఇవ్వడండీ,” అంది కూతురు సిగ్గుపడుతూ.

“బండి సంగతి తేలేదాకా ఈ చొక్కా నీళ్ళ మొహం చూడదు. మొక్కు!”

“మొక్కు మీది, ముక్కు మాది మాస్టారూ.” గురువుగారి విద్యే గురువుగారికి అప్పజెప్పి, హెడ్డు రిజిస్టరు తిరగేశాడు. “ఎడమ అద్దం విరిగి ఉందని రాశాం. అది మేం విరగ్గొట్టింది కాదు.”

“కాదు. ముందు రోజే విరిగింది. గోడ అడ్డొచ్చింది.”

“ఒక్క మాట అడగనా? మంగళవారం మంగళవారం ఆ మలుపులో మేముంటామని ఊరందరికీ తెలుసు. ముందే సందులోకి తప్పుకుంటారు. మీరేంటి, తిన్నగా వచ్చి నా బూటు ముందే ఆపారు?”

“నీకు ఆపడం నేర్పిన వాణ్ణి, నేను ఆపకపోతే పరువేం కాను!”

పద్నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి కూతురు తండ్రిని వెంటబెట్టుకుని స్టేషనుకి ఉత్త చేతులతోనే వచ్చింది. ఇల్లంతా తలకిందులు చేసింది, పరుపులు కూడా విప్పింది. లారీ కొక్కెం స్కూటరును పైకెత్తుతుంటే ఆమెకు ఏడుపాగలేదు. హెడ్డు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మాస్టారి చెయ్యి మళ్ళీ రొమ్ము మీదికి వెళ్ళింది.

“నొప్పా నాన్నా?”

“బండి పోతుంటే గుండె దగ్గర కాక మోకాలి దగ్గర పుడుతుందా నొప్పి?”

ఇంటికి నడిచే వెళ్ళారు. సందు మొదట్లో గణగణమని గంట వినబడగానే మాస్టారు కూతుర్ని పక్కకు లాగి గోడకు ఆనుకుని నిలబడ్డారు. పక్కింటి పాప సైకిలు మీద దూసుకుపోయింది. అది మలుపు తిరిగేదాకా ఆయన కదల్లేదు.

“మంచి గంట. మొన్న అది గానీ మోగకపోయుంటే...” అని ఆగిపోయారు.

“ఎప్పుడు నాన్నా?”

“ఎప్పుడో లే. పద.”

ఇంటికి రాగానే చొక్కా విప్పి, తనే తీసుకెళ్ళి బకెట్టు అంచు మీద వేశారు.

“బండి పోయిందిగా, ఇంకేం మొక్కు తీరిందని?” అంది కూతురు.

“తేలేదాకా అన్నాను. తేలింది. ఉతుకు.” వరండా వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నారు. “జేబులు చూసుకుని ఉతుకు.”

ఆమె కళ్ళు తుడుచుకుని, ఎడమ జేబు బొత్తాం విప్పి చెయ్యి పెట్టింది.

సీ బుక్కు తగిలింది.