తుప్పు పట్టని రంగు

“నెత్తిమీద ఫ్యాను సరిగ్గా తిప్పుకోవడం చేతకాదు గానీ, వీళ్ళు ఇనుముకు తుప్పు పట్టకుండా ఆపుతారట!”

ప్రభుత్వ పరిశోధనశాల వరండాలో బెంచీ మీద కూర్చుని చిన్నల్లుడు పెదవి విరిచాడు. పక్కనే ఉన్న పెద్దల్లుడు వినపడనట్టు ఒళ్ళో కాగితాలు సర్దుకున్నాడు.

ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. మామగారికి రంగుల ఫ్యాక్టరీలు రెండుంటే, చెరొకటీ చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఒంట్లో ఓపిక తగ్గి, రెండింటి పెత్తనమూ ఒకరికే అప్పజెప్పాలనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఈ పరిశోధనశాలవాళ్ళు తుప్పు పట్టనివ్వని రంగొకటి కనిపెట్టి, దాన్ని పీపాలకొద్దీ తయారుచేసి చూడడానికి ఒక కంపెనీ కావాలన్నారు.

“వాళ్ళు మీలో ఎవరితో చేతులు కలిపితే పెత్తనం అతనిది. రెండోవాడు అతని కింద పనిచేయాలి” అని మామగారు తేల్చేశాడు.

తోడల్లుడి కింద పనిచేయడం కంటే నూతిలో దూకడం నయమనుకున్నాడు చిన్నల్లుడు.

“అన్నయ్యా, ఆ కాగితాలన్నీ ఎందుకు మోసుకొచ్చావు? వీళ్ళక్కావలసింది పొగడ్త. నాలుగుసార్లు ‘మేడమ్, మేడమ్’ అంటే కరిగి నీరైపోతారు.”

“ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తారట తమ్ముడూ. నీ దగ్గర రంగు వడకట్టే ఆ జల్లెడ ఇంకా చిరిగే ఉందా?”

“గోడకి రంగేయించుకునేవాడు వచ్చి జల్లెడ చూస్తాడా ఏంటి?”

పెద్దల్లుడంటే అతనికి మొదటినుంచీ చులకనే. తూకంలో చిటికెడు తేడా వస్తే పీపాకు పీపా పారబోయించే మనిషి. అలాంటివాడు వ్యాపారం మానేసి బడి పెట్టుకోవాలి.

మరుసటి వారమే పరిశోధనశాల నుంచి ఒక సైంటిస్టు చిన్నల్లుడి ఫ్యాక్టరీకి వచ్చింది. అరిగిన చెప్పులు, భుజాన గుడ్డసంచి. కారు కూడా లేదు, బస్సు దిగి నడిచొచ్చింది. చిన్నల్లుడు నవ్వు బిగబట్టుకుని ఎదురెళ్ళాడు.

“రండి మేడమ్, రండి! మీలాంటి మేధావులు మా గడప తొక్కడం మా అదృష్టం.”

ఆ పొగడ్త ఆమె చెవికెక్కలేదు. తిన్నగా రంగు కలిపేచోటికి నడిచింది. అక్కడ పనివాడు పొడిని తట్టతో ఎత్తి తొట్టిలో గుమ్మరిస్తున్నాడు.

“తూకం వేయరా?”

“చేయి తిరిగినవాళ్ళు మేడమ్. కంటితోనే చెప్పేస్తారు.”

“మరి వేడి ఎంతుందో?”

“థర్మామీటరు పోయిన వానాకాలంలో పగిలింది. ఆవిరిని బట్టి దింపేస్తున్నాం. రేపే కొత్తది తెప్పిస్తాను మేడమ్.”

“వద్దు వద్దు!” ఆమె కంగారుపడింది. “ఇక్కడ ఉన్నదేదీ మార్చకండి. ఆ జల్లెడ కూడా అలాగే ఉండనివ్వండి.”

“జల్లెడ కూడానా?”

“అదైతే అస్సలు ముట్టుకోవద్దు.”

జల్లెడకి రెండువైపులా ఫోటోలు తీసుకుంది. తొట్టి అంచున గడ్డకట్టిన పాత రంగును గోటితో గీకి, దీన్ని ఎప్పుడు కడిగారని అడిగింది. పోయిన దసరాకి కాబోలన్నాడు చిన్నల్లుడు. ఫరవాలేదంటూ ఆమె మొహం చాటంత చేసుకుంది.

“మీలాంటి కంపెనీ కోసమే ఇన్నాళ్ళుగా తిరుగుతున్నాం” అంది వెళ్తూ వెళ్తూ.

ఆమె గేటు దాటగానే చిన్నల్లుడు పడీ పడీ నవ్వాడు. జన్మలో ఫ్యాక్టరీ మొహం చూసినట్టు లేదు. చెత్తకుండీ చూపించినా దణ్ణం పెట్టేలా ఉంది. ఇలాంటివాళ్ళని జీతాలిచ్చి మేపుతున్నారు!

పెద్దల్లుడి ఫ్యాక్టరీలో మాత్రం ఆమె పట్టుమని పది నిమిషాలైనా నిలవలేదట. “అంతా మా ల్యాబులో ఉన్నట్టే ఉందండీ. మీతో పనిచేస్తే మాకు కొత్తగా తెలిసేదేముంది?” అని చెప్పి వెళ్ళిపోయిందట. ఆ సంగతి చెబుతూ పెద్దల్లుడు తల దించుకున్నాడు. వారం రోజులు దగ్గరుండి గోడలతో సహా కడిగించాడు పాపం.

“బాధపడకు అన్నయ్యా. నా కింద నీకు మంచి కుర్చీయే వేయిస్తాలే” అన్నాడు చిన్నల్లుడు.

ఇంటికెళ్ళాక భార్య గొణిగింది. “అక్క మొహం చూడలేకపోయానండీ.”

“మీ అక్క మొగుణ్ణి బడి పెట్టుకోమను. పలకా బలపం నేను కొనిస్తాను.”

ఒప్పందం రోజు రానే వచ్చింది. పరిశోధనశాలవాళ్ళు రంగు చేసే విధానం చెప్పాలి. కంపెనీ ఏడాదిపాటు తయారుచేసి ఇవ్వాలి. దాన్ని ఇనపరేకులకు పూసి ఎండావానల్లో నిలబెట్టి చూస్తారు. నెగ్గితే అమ్ముకునే హక్కు కంపెనీదే. ఒకటే షరతు, ఫ్యాక్టరీలో ఇప్పుడున్న పద్ధతి మార్చకూడదు. చిన్నల్లుడికి ఇంతకన్నా సుఖమైన షరతు ఎక్కడ దొరుకుతుంది? కళ్ళు మూసుకుని సంతకం గిలికాడు.

మామగారు ముందు వరసలో కూర్చున్నాడు. పెద్దల్లుడి ఫ్యాక్టరీ తాళాలగుత్తి అప్పటికే ఆయన చేతిలో ఉంది. చిన్నల్లుడు చేయి చాచాడు. గుత్తి అందించబోతూ ఆయన ఆగి, సైంటిస్టు వైపు తిరిగాడు.

“అమ్మా, తెలియక అడుగుతున్నాను. ఇన్ని కంపెనీలుండగా మా చిన్నల్లుడిలో మీకంతగా ఏం నచ్చింది?”

చిన్నల్లుడు వినయంగా తల వంచుకున్నాడు. ఓరకంట తోడల్లుణ్ణి చూస్తూ, “చెప్పండి మేడమ్, మొహమాటం దేనికి? అందరూ వింటారు” అన్నాడు.

ఆమె మొహమాటపడలేదు.

“మా రంగును ఎంత చెత్తగా కలిపినా పనిచేస్తుందో లేదో చూడాలి కదండీ!”