డెబ్బై నాలుగు డిగ్రీలు

“మూత మాత్రం తియ్యకక్కా. తీసినప్పుడల్లా లోపలి వేడంతా పోతుంది. మళ్ళీ పుంజుకోవడానికి అరగంట పడుతుంది” అంది చిన్నకోడలు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ.

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండేళ్ళుగా ఈ వంటింట్లో గరిటె తిప్పుతున్న తనకి, నిన్నగాక మొన్న వచ్చినది మూతల పాఠం చెబుతోంది.

అత్తగారు ఇంట్లోనే వండి, ఆర్డర్ల మీద భోజనాలు పంపుతుంది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి వంటిల్లు కోడళ్ళలో ఒకరికి అప్పగిస్తాననీ, ఎవరికన్నది ఇవాళ మధ్యాహ్నం చెబుతాననీ వారం కిందటే అంది. సరిగ్గా ఇవాళే పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో ఎనిమిది మందికి విందు. కొయ్యకుండా వండిన టర్కీ కోడి కావాలందావిడ. చూస్తే ఒవెన్ పాడైపోయి ఉంది. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే నా స్లో కుక్కర్ ఉందిగా, నేను చేస్తాను అని చిన్నది అనడమేమిటి, అత్తగారు ఊఁ అనెయ్యడమేమిటి! ఇంకా చెప్పేదేముంది, గరిటె ఎవరి చేతికి వెళ్తుందో తెలిసిపోయింది.

ఆ కోడికి జరిగిన మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరగవు. పెద్దదైతే ఈ కుక్కర్లో లోపలిదాకా వేడెక్కేలోగానే చెడిపోతుందట, అందుకని ఏరికోరి రెండున్నర కిలోలది తెచ్చింది. మంచుగడ్డలా ఉన్నదాన్ని అలాగే వండకూడదట, రెండు రోజులు ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టింది. కడుపులో ఏమీ కూరకూడదట. పొద్దున్న ఆరింటికి కుక్కర్లో పెట్టి, మీట ‘హై’ మీదకి తిప్పింది. చివర్లో తొడలో, ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చితే డెబ్బై నాలుగు డిగ్రీలు చూపించాలట. అప్పుడే ఉడికినట్టు లెక్కట.

“జ్వరం గానీ వచ్చిందా దానికి?” అని పెద్దకోడలు మూతి తిప్పింది. అత్తగారు నవ్వలేదు. అదే గుచ్చుకుంది.

చిన్నది టిఫిన్లు ఇచ్చి, కూరగాయలు తేవడానికి స్కూటర్ మీద వెళ్ళిపోయింది. అత్తగారు స్నానానికి వెళ్ళింది. వంటింట్లో పెద్దకోడలూ ఆ కుక్కరూ మిగిలారు. గాజు మూతకి అప్పుడే పల్చగా ఆవిరి పడుతోంది. గట్టు తుడిచింది. తుడిచిన గట్టే మళ్ళీ తుడిచింది. మూత ముట్టుకోలేదు. మీట మాత్రం పట్టుకుని ‘వార్మ్’ మీదకి తిప్పేసింది. అది వండేసిన కూర చల్లారకుండా ఉంచే గుర్తు. ఎర్రదీపం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

పదకొండు దాటాక వీధిలో స్కూటర్ చప్పుడైంది. గబుక్కున మీట మళ్ళీ ‘హై’ మీదకి తెచ్చి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది.

పన్నెండింటికి చిన్నకోడలు మూత తీసి, తొడలో థర్మామీటర్ గుచ్చింది. నలభై ఆరు. రెండో తొడలో గుచ్చింది. నలభై అయిదు. థర్మామీటర్ తప్పేమోనని మరుగుతున్న నీళ్ళలో ముంచింది. వందకి వెళ్ళి ఆగింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దకోడలికి లోపల చల్లగా ఉంది. గొంతులోకి ఎక్కడలేని ప్రేమా తెచ్చుకుంది. “దానికేముందే, ముక్కలు కోసి మూకుట్లో ఎర్రగా వేయించేద్దాం. డాక్టరమ్మ వచ్చి చూడబోయిందా?”

అప్పటికే అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

“వద్దక్కా” అంది చిన్నది. “ఆరు గంటలు గోరువెచ్చగా కూర్చుంది. ఇప్పుడు వేయిస్తే క్రిములు చస్తాయి గానీ, అవి వదిలిన విషం పోదు. ఆ ఇంట్లో ముసలాయన ఉన్నాడు, పసిపిల్ల ఉంది.”

ఇంకెవరినీ అడగలేదు. కోడిని సంచిలో వేసి మూతి బిగించి, బయటి చెత్తడబ్బాలో పడేసి వచ్చింది. చేతులు కడుక్కుని అందరి ముందూ డాక్టరమ్మకి ఫోన్ చేసింది. సరిగ్గా ఉడకలేదనీ, తప్పు తనదేననీ, ఫ్రిజ్‌లో ఉన్న మామూలు కోళ్ళు రెండు వండి రెండింటికల్లా పంపుతాననీ చెప్పింది. కుక్కర్ మీదకి కూడా నెట్టలేదు. డాక్టరమ్మ పెట్టిన చివాట్లు ఫోన్లోంచి పొయ్యి దాకా వినిపించాయి. పెద్దకోడలు ఒక్కొక్కటే మనసులో దాచుకుంది. అత్తగారు మాత్రం కత్తిపీట దగ్గరికి లాక్కుని ఆలుగడ్డలు తరగడం మొదలుపెట్టింది.

ఆ భోజనం వెళ్ళాక ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. పెద్దకోడలు జుట్టు సవరించుకుని, కాస్త నిటారుగా కూర్చుంది.

“రేపట్నించి వంటిల్లు చిన్నదానిది” అంది అత్తగారు.

పెద్దకోడలి చేతిలో ముద్ద అక్కడే ఆగింది. “కోడిని చెడగొట్టినందుకా అత్తయ్యా?”

“పారేసినందుకు. ఇన్నేళ్ళలో నాకే ఎన్నిసార్లో పారెయ్యడానికి చెయ్యి రాక, దేవుడి మీద భారం వేసి పంపించేశాను.”

“అది కాదత్తయ్యా. టర్కీ తనకి అప్పజెప్పినప్పుడే వంటిల్లు తనకేనని అనేసుకున్నారు కదా.”

“కుక్కర్ దానిది, అందుకని దాన్ని వండమన్నాను” అంది అత్తగారు మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ. “నా మనసంతా నీ మీదే ఉందే. ఆ కోడి సవ్యంగా ఉడికి వెళ్ళిపోయుంటే, ఇప్పుడు నీ పేరే చెప్పేదాన్ని.”