ఒక్క పూట తప్పకుండా

కమలాక్షమ్మ గొంతులో మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి.

ఎనుములకు చొప్ప వేస్తున్న నారాయణ చేతిలోది అక్కడే పడేసి ఇంట్లోకి పరుగెత్తాడు. భార్య మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. మాట పెగలడం లేదు. దిండు కింద నుంచి పీల్చే పంపు తీసి, బాగా ఊపి, ఆమె నోట్లో పెట్టి నొక్కాడు.

"పీల్చు మే. గట్టిగా పీల్చు."

పీల్చింది. కాసేపాగి ఇంకోసారి నొక్కాడు. కూతలు తగ్గలేదు.

నారాయణ గట్టు తగాదాలో కట్టెలు లేచిన రోజు కూడా వెనకడుగు వేయని మనిషి. ఈ కూత వింటే మాత్రం ఆయన గుండె నీరైపోతుంది. ఈమె పోతే తానేమైపోవాలి?

చిన్నప్పుడు చలికాలంలో ఆమెకు కొంచెం ఆయాసం వచ్చేదట. పెళ్లయ్యాక ఎన్నడూ లేదు. అలాంటిది ఏడాదిగా ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. నంద్యాల డాక్టరు చూసి, కొత్తగా వచ్చిన ఈ పంపు రాసిచ్చాడు.

"ఊపిరి పోయే గొట్టాలు బిగుసుకుంటున్నాయి. ఈ మందు వాటిని వదులు చేస్తుంది. పీల్చిన కాసేపటికే తెలుస్తుంది. దుమ్మూ పొగా దగ్గరికి రానీకండి. ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా?"

"ఏమీ ల్యా సార్. మాత్రంటేనే ఆమెకు గిట్టదు" అన్నాడు నారాయణ.

ఆ రోజు నుంచి ఆయన దుమ్ముతోనూ పొగతోనూ కక్ష కట్టాడు. కట్టెల పొయ్యి పీకించి గ్యాసు పెట్టించాడు. తన చుట్ట మానేశాడు. దేవుడికి సాంబ్రాణి బంద్ చేశాడు. దూది పరుపులు దానం చేశాడు. పక్కింటి ఓబయ్య చెత్తకు నిప్పు పెడితే వీధిలోకి వెళ్లి కొట్టినంత పని చేశాడు. చివరికి ఇంటి పిల్లిని గోనెసంచిలో పెట్టుకుని, అక్కడైతే దానికి తిండికి లోటుండదని, మహానందిలో వదిలొచ్చాడు.

అంతవరకు మంచినీళ్లు కూడా తనే ముంచుకుని తాగి ఎరగడు. ఇప్పుడు ఆమె పని ఏదీ ఇంకొకరి చేతికి వదలడు. తెల్లారగానే వేన్నీళ్లు పెట్టిచ్చేవాడు. అంతకు ముందే చూపు మసకేస్తోందంటే ఆళ్లగడ్డలో రాసిచ్చిన కంటి చుక్కలు, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టి తనే వేసేవాడు. కాఫీ కలిపేవాడు. ఒకరోజు జడ కూడా అల్లబోతే ఆమె కసిరింది.

"ఇన్నేండ్లకు పుట్టిందా నీకు ఈ బుద్ధి?"

మధ్యలో పాములపాడులో బంధువుల పెళ్లికి పోయి వారం ఉండిపోవాల్సి వచ్చింది. అక్కడ ఆయనకు ముద్ద దిగలేదు. తిరిగొచ్చేసరికి కమలాక్షమ్మ రోటి ముందు కూర్చుని పచ్చడి నూరుతోంది.

"ఆయాసం యాడబోయింది మే?"

"నువ్వు లేకుంటే ఊపిరి బాగా ఆడతాంది" అని పడీ పడీ నవ్వింది.

నారాయణకు మనసు చివుక్కుమంది. కానీ ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆయన వచ్చిన రెండో రోజుకే కూతలు మళ్లీ మొదలయ్యాయి.

ఇవాళైతే పెదవులు నీలం తిరుగుతున్నాయి.

"ఓబయ్యా! జీపు తీయప్పా!" అని గోడ మీదుగా కేక పెట్టాడు. పాత కోపాలేవీ తలవకుండా ఓబయ్య జీపు తెచ్చి వాకిట్లో ఆపాడు.

శిరివెళ్ల దాటేసరికి ఆమె గోళ్లు నారాయణ ముంజేతిలో దిగబడ్డాయి. లారీలు లేపిన దుమ్ము లోపలికి రాకుండా తన తువాలు అడ్డం పెట్టాడు. కూత సన్నగిల్లింది. తగ్గిందేమో అనుకున్నాడు. కాదు, గాలే ఆడటం లేదు.

"పోవద్దు మే" అన్నాడు.

నంద్యాలలో ఆక్సిజన్ పెట్టారు. సూది వేశారు. మూతికి తొడుగు పెట్టి మందును ఆవిరిగా ఇచ్చారు. మధ్యాహ్నం దాటాక గానీ ఆమె మొహంలోకి నెత్తురు రాలేదు. గండం గడిచిందన్నాడు డాక్టరు. అయినా డాక్టరు మొహం తేటపడలేదు.

"పంపు పీల్చడంలో తేడా లేదు. మందు పని చేసి తీరాలి. ఎందుకు చేయడం లేదో అంతుబట్టడం లేదు."

సాయంత్రమైంది. నారాయణ తువాలు మూట విప్పి, ఇంటి నుంచి మరిచిపోకుండా తెచ్చిన చిన్న సీసా తీశాడు. ఆమె తల మెల్లగా ఒళ్లోకి తీసుకున్నాడు. అప్పుడే డాక్టరు లోపలికొచ్చాడు.

"ఏంటది?"

"కంటి చుక్కలు సార్. పోయినేడు ఆళ్లగడ్డలో రాసిచ్చినారు."

డాక్టరు సీసా అందుకుని దాని మీద పేరు చదివాడు. మళ్లీ చదివాడు.

"రోజూ వేస్తున్నారా?"

"పొద్దున, సాయంత్రం. నా చేత్తోనే వేస్తాండా" అన్నాడు నారాయణ, ఆ రోజంతటిలో మొదటిసారి కాస్త గర్వంగా. "పాములపాడుకు పోయిన ఆ వారం తప్ప, ఒక్క పూట తప్పలే సార్."

"దుమ్మూ కాదు, పొగా కాదు పెద్దాయనా," అన్నాడు డాక్టరు సీసాను తన జేబులో వేసుకుంటూ, "కంట్లో వేసిన ఈ మందు నెత్తురులో కలిసి ఛాతీ దాకా పోతుంది, పంపు మందును కూడా పని చేయనీదు. ఏడాదిగా ఈమె ఊపిరి గొట్టాలను బిగిస్తున్నది ఈ చుక్కలే."